ఎదురు పందెం

రాదోమ్‌లో బస్ స్టాండ్ వెనక వీధిలో
మా పందేల దుకాణం.
ఎడమ పక్క తాళంచేతులు చేసేవాడు,
కుడి పక్క గడ్డకట్టిన కూరగాయలమ్మే కొట్టు.
నేను గాజు వెనక కూర్చుంటాను.
చీటీ ఇస్తాను, డబ్బు తీసుకుంటాను,
ఎవరి కళ్ళలోకీ ఎక్కువసేపు చూడను.
నేను మాత్రం కట్టకూడదు. ఉద్యోగం షరతు.

శనివారం రాత్రి బోనులో పోట్లాట ఉందంటే
మధ్యాహ్నం నుంచే మగాళ్ళు నిండిపోతారు.
జన్మలో ఒక్క గుద్దు తినని వాళ్ళు
మోచేతి దెబ్బకి ముహూర్తాలు పెడతారు.
"రెండో రౌండ్‌లో మెడ దొరుకుతుంది, చూడు" అంటాడొకడు,
మెడ అంటే కొక్కేనికి వేలాడే సరుకన్నట్టు.

అందరూ తెరకేసి చూస్తుండగా యూలిటా వస్తుంది.
చెప్పుల ఫ్యాక్టరీ జిగురు వాసన
ఆమెకన్నా ఒకడుగు ముందొస్తుంది.
పది జ్లోటీలు. ఎప్పుడూ పదే.
గొంతు తగ్గించి ఎప్పుడూ ఒకే మాట:
"గ్రాత్సియాన్ ఓడతాడని."

గ్రాత్సియాన్ ఆమె కొడుకు.

మొదటిసారి పొరపాటనుకుని చీటీ వెనక్కి తోశాను.
ఆమె గాజు మీదకి వంగింది.
"వాడు గెలిస్తే ఈ పదీ పోతే పోయింది.
ఓడితే, కుట్లకైనా అక్కరకొస్తాయి కదా."
లెక్క సరిగ్గానే ఉంది,
పన్నెండు శాతం పన్ను పోను కూడా.

అలా పదకొండు పోట్లాటలు.
నాలుగుసార్లు గెలిచింది.
గెలిచిన మర్నాడు ముఖం పాలిపోయి వచ్చి
చిల్లరతో సహా లెక్కపెట్టి తీసుకుని
పక్క కొట్లో బఠాణీల సంచి కొని
పరుగులాంటి నడకతో వెళ్ళిపోయేది.
వాచిన కంటికి ఐసుగడ్డకన్నా బఠాణీలే మేలట,
ముఖం ఒంపుల్లో ఒదుగుతాయట.
ఓడిన ఏడుసార్లూ
చీటీని గోటి మీద పట్టేంత ముక్కలు చేసి
మా నేలంతా చల్లింది, అక్షింతల్లా.
ఊడ్చేది నేను.
కసురుకుందామనుకునేవాణ్ణి. ఒక్కసారీ నోరు రాలేదు.

నవంబరులో గ్రాత్సియానే వచ్చాడు.
కనుబొమ్మ మీద ఏడు కుట్లు,
చెవి నలిగిన పుట్టగొడుగులా.
గాజు మీద చేతులానించి నెమ్మదిగా అడిగాడు:
"నేను గెలిచిన ప్రతిసారీ
ఇక్కడ నేలమీద నా పేరున్న ముక్కలు దొరుకుతాయట.
నేను ఓడాలని కడుతున్నాడెవడో.
ఎవడు?"

గదిలో జిగురు వాసన లేదు. నాకే తగిలింది.
"ఎవరి పందెం వాళ్ళ గుట్టు" అన్నాను.
"పరవాలేదు" అన్నాడు. నవ్వాడు, పై పన్ను ఒకటి లేదు.
"వాడు ఉండటమే మంచిది.
మూడో రౌండ్‌లో ఊపిరందక కింద పడి ఉన్నప్పుడు
నా మీద కూర్చున్నవాడు గుర్తుకు రాడు.
వాడే గుర్తొస్తాడు.
వాడి డబ్బు పోవాలని లేస్తాను."

ఆ శనివారం లేచాడు.
ఎలా లేచాడో
చూసినవాళ్ళు ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు,
చెప్పేవాడికొక రకంగా.

ఆదివారం యూలిటా వచ్చింది.
ఏడ్చిందో, నిద్ర లేదో, రెప్పలు బరువుగా ఉన్నాయి.
చీటీ తీసి చింపసాగింది,
నిదానంగా, చిక్కుడుకాయ ఈనె తీసినట్టు.
"ఎవరో చాలా కోపంగా గెలిచారట" అన్నాను.
"వాడిది చిన్నప్పటి నుంచీ అంతే" అంది.
"ఎవరిమీదో తెలీదు, అంత కోపం."
ముక్కలు చల్లి,
బఠాణీలు కొనకుండానే ఇంటికెళ్ళింది.

దుకాణం మూసే వేళ చీపురు పట్టాను.
తలుపు దగ్గర, బల్లల మధ్య, తెర కింద,
అంతా ఊడ్చాను.
కిటికీ పక్క బల్లకింద ఒక్క ముక్క మిగిలింది.
వంగి, దాన్ని తిరగేసి,
పేరు పైకి కనపడేలా పెట్టి
దీపం ఆర్పాను.