పొడిగాలి

జూన్‌లో వానకు ఉబ్బిపోయిన గేటుగది తలుపు
ఇవాళ తెల్లారగట్ల, నేను చెయ్యి వెయ్యకుండానే,
టక్‌మని దానంతటదే పడింది.
నాలుగు నెలలు భుజంతో తోశాను,
కాలితో తన్నాను,
వడ్రంగిని పంపమని పైవాళ్ళకి రెండు అర్జీలు పెట్టాను.
దానికి కావలసింది కాస్త పొడిగాలట.

అయితే వచ్చీసినట్టే.

సిగడాం దాటి పొందూరు వైపు
గెడ్డ వంతెనకి ఇవతల నా గేటు.
రెండు లైన్లు, మధ్యన కంకర,
అటూ ఇటూ పొట్టమీదున్న వరి.
రాత్రి రెండున్నరకి గూడ్సు పోయాక
పట్టామీద అరచెయ్యి ఆనించి చూశాను.
మేనెల్లో అట్లకాడలా కాల్చిన ఇనుమే
సంతలో కొన్న కొత్తకుండ అడుగులా చల్లగా ఉంది.
దానిమీద మంచు.
వేలితో పొడుగ్గా నా పేరు రాసుకున్నాను,
లెంక నరసమ్మ అని, ఇంటిపేరుతో సహా.
నాలుగింటి మెయిలు వచ్చి తుడుచుకుపోయింది.

గేటు పడితే ఎవరైనా ఆగాలి.
ఎండల్లో ఆగినవాళ్ళు నన్ను తిడతారు,
వానల్లో ఆగినవాళ్ళు మా అమ్మని తిడతారు.
ఈ నెలలో మాత్రం
బండికి స్టాండేసి చేనువైపు చూస్తారు.
పొందూరు సైకిలాయన ఆసు నూలు సర్దుకుంటూ
గంజి ఇప్పుడు బాగా ఆరుతోందంటాడు,
నేనడక్కపోయినా.
గెడ్డ ఒడ్డున రెల్లు తెల్లబడింది.
నా తలా తెల్లబడింది.
దానిదే బాగుంది.

కొండ దిగొచ్చిన సవర సుంకమ్మ
గంప దించి నా మెట్టుమీద కూలబడి
కళ్ళు తేలిన సీతాఫలం ఒకటి నా ఒళ్ళో పెట్టింది.
డబ్బులిస్తే తీసుకోదు,
చల్దన్నంలో ఉల్లిపాయ అడుగుతుంది.
గింజలు కంకరలోకి ఊస్తూ లెక్కపెట్టాను.
పదిహేడో గింజకి డౌన్ బండి కూత.
మూతి తుడుచుకోకుండానే జెండా పట్టుకున్నాను.
గార్డు నవ్వాడు, ఎందుకో.

అసిరినాయుడు ఒక గింజని గోటితో నొక్కి
పాలున్నాయో లేదో చూస్తాడు.
"పోసుకుందేటి?" అంటే
"ఊఁ" అంటాడు, అంతే.
ఇంకో మాట అంటే సముద్రం వింటుందని.

నిజమే, ఈ నెల మంచిదని
ఇక్కడెవరూ గట్టిగా అనరు.
పొట్టకొచ్చిన చేను గురించి,
పురిటికొచ్చిన మనిషి గురించి
గొంతు తగ్గించే మాట్లాడతారు.
బంగాళాఖాతంలో ఎక్కడో గాలి సుడి తిరుగుతోందని
రేడియో చెప్పగానే
ఊరంతా ఒకసారి తూర్పుకి చూసి
ఏమీ చూడనట్టు పనిలో పడతారు.
ఓ ఏడు ఇదే నెల.
ఒక్క రాత్రికే చేనంతా పడుకుండిపోయింది,
గేటు కర్ర విరిగి గెడ్డలో తేలింది.
తెల్లారాక ఆకాశం ఎంత నీలంగా ఉందో!
సిగ్గులేకుండా.
దానికేసి చూసి నేనూ, సిగ్గులేకుండా,
బాగుందనుకున్నాను.

సాయంత్రం ఎండ
గోడమీద లాంతరు నీడని సాగదీసి
కొయ్యకున్న గొడుగుదాకా తీసుకొచ్చి ఆపింది.
గొడుగు ఆరిపోయింది.
మడతలో ఒక మిడత, ఎండినది.
దులిపి, ముడేసి, అటకమీద పెట్టాను.
పెట్టి, మళ్ళీ తీసి, కొయ్యకే తగిలించాను.
ఇంకా నెలాఖరు కాలేదు కదా.

ఫోను మోగింది.
"గేటు వేశావా?"
"వేశాను బాబూ."
నంబరు చెప్పాడు. నలభై ఏడు. రాసుకున్నాను.
పెట్టీకుండా పట్నాయక్ బాబు అడిగాడు:
"ఏటి నరసమ్మా, విశేషాలు?"
వాకిట్లో సీతాఫలం తొక్కని
చీమలు ఊరేగింపుగా తీసుకుపోతున్నాయి.
మోచేతిమీద నూగు లేచి నిలబడింది.
చేలోంచి పచ్చిపాల వాసన.
"ఏటీ లేవు బాబూ" అన్నాను, మెల్లగా.
ఆయనా మెల్లగానే అన్నాడు:
"ఇక్కడా అంతే."

బండి పోయాక
తలుపు మళ్ళీ తీసి
మళ్ళీ వదిలి చూశాను.

టక్.