దూడ పుస్తకం

కోఠీల జిరాక్సు దుకాణం నాది.
బడీచౌడి మలుపుల, సగం దించిన షట్టరు.
రెండు మిషిన్లు: ఒకటి నడుస్తది,
రెండోదాని మీద టీ గ్లాసులు పెట్టుకుంటం.

రాత్రి ఎనిమిదింటికి ఇన్నాసయ్య వచ్చిండు,
రామంతపూర్ల పాదిరి చదువు చదివే పిల్లగాడు.
బయట వాన. చంకల తువ్వాల చుట్టిన పుస్తకం.
"మొత్తం తియ్యాలన్నా, పొద్దుగాల లైబ్రరీల అప్పజెప్పాలె."
మూడువందల పన్నెండు పేజీలు.
వీపు పగిలింది, ముట్టుకుంటే పొడి రాలుతది.
"ఎవరి కథ?"
"పద్నాలుగు వందల ఏండ్ల కింద
ఐర్లండుల బతికిన సన్యాసులది."

మూత వేస్తే చినుగుతది.
అంచును బొటనవేలితోని ఒత్తిపట్టి తీస్తున్న.
పచ్చటి వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకు పాకుతుంటే
ఆయన చెప్పుకుంట పోయిండు.

కొలంబా అని ఒకాయన ఉండెనట.
గురువు పుస్తకాన్ని గురువుకు తెల్వకుండ
రాత్రిళ్ళు గుడిల కూసోని ఎక్కించుకున్నడట.
దీపం లేదు.
ఎడమచేతి అయిదు వేళ్ళు అయిదు వత్తులై వెలిగినయట,
కుడిచెయ్యి రాసుకున్నదట.
తలుపు సందుల నుంచి ఒక పోరడు తొంగిచూస్తే
సన్యాసి పెంచిన కొంగ కన్ను పొడిసిందట.

నవ్విన.
నవ్వి, షట్టరు దిక్కు ఒకపారి చూసిన.
పోయినేడు నా దుకాణానికీ వచ్చిండ్రు
సందుల నుంచి చూసినోళ్ళు.
గ్రూప్స్ పుస్తకాల కట్టలు, మిషిను,
అన్నీ ట్రాలీ ఆటోల సుల్తాన్ బజార్ స్టేషనుకు.
తొమ్మిదివందల పుస్తకాన్ని నూటిరవైకి ఇచ్చిన.
నాకు కొంగ లేకపాయె.

"పంచాయితీ రాజు దగ్గరికి పోయింది.
ఆవు ఎవరిదో దూడ వాళ్ళదే,
పుస్తకం ఎవరిదో నకలు వాళ్ళదే అన్నడు రాజు.
అప్పట్ల కాయితం లేదన్నా,
దూడతోలు మీదనే రాసేటోళ్ళు."

నా చెయ్యి ఆగింది.
మా నాయిన బర్లు కాసినోడు.
దూడ సచ్చిపోతే దాని తోలుల గడ్డి కూరి
బర్రె ముందట నిలవెట్టేటోడు.
అది ముక్కుతోని వాసన చూసేది,
నాకేది, నాకి నాకి చేపేది.
ఉత్త గడ్డి అని బర్రెకు తెల్వదా?
తెలుసు అనుకుంట. అయినా చేపేది.

నా గడ్డిదూడల ముందట గూడ
కోఠీ కాలేజీ పిల్లలు కూసున్నరు.
అండ్ల ఒకామె, సబిత, తహసీలు ఆఫీసుల నౌకరి అయినంక
కలాకండ్ డబ్బా తెచ్చి
నడవని మిషిను మీద పెట్టిపోయింది.

కరెంటు పోయింది.
చీకట్ల నా అయిదు వేళ్ళు ఎత్తి చూసుకున్న,
ఏమో, ఎవనికి తెలుసు.
ఏం లేదు. టోనరు మసి.

ఇన్నాసయ్య చీకట్లనే చెప్పిండు:
తీర్పు గిట్టక లడాయి లేచిందట,
మూడువేల మంది పోయిండ్రట ఒక్క నకలు కోసం.
ఆ భారం మోసుకుంట ఆయన పడవెక్కిండట.
ఒక దీవిల దిగి గుట్టెక్కి చూస్తే
సొంత గడ్డ మసకమసక కనబడ్డదట.
మళ్ళ పడవెక్కిండట.
కనబడని దీవిల దిగి, బతుకంత రాసిండట.
ఆఖరి దినం గూడ రాస్తనే ఉండి,
పేజీ కింది వరుసకాడ ఆగి
"మిగిలింది బైతీన్ రాస్తడు" అని కలం పెట్టేసిండట.

లడాయి మాటకాడనే నేను ఆగిపోయిన.
మూడువేల మంది.
వాన షట్టరు మీద రాళ్ళేసినట్టు పడుతున్నది.

కరెంటు వచ్చింది. రెండువందల నలభైకాడ టోనరు అయిపాయె.
"పొద్దుగాల ఆరింటికి సర్ఫరాజ్ వస్తడు,
మిగిలింది ఆయన తీస్తడు" అన్న.
అన్నంక గాని నాకు సమజ్ కాలే
పిల్లగాడు ఎందుకట్ల చూస్తున్నడో.

కట్ట సదురుతుంటే కనబడ్డది:
పేజీ పేజీకి అంచు మీద
నా బొటనవేలు, నల్లగ,
ఒకచోట గోరు గూడ పడ్డది.
"ఇవి మళ్ళ తీస్త, పైసలొద్దు" అన్న.
ఇన్నాసయ్య కట్టను తువ్వాలల చుట్టుకున్నడు.
"ఉండనీ అన్నా."