ఎర్ర దారం

సూదులు ఏరడం నా పని.
పొద్దున్నే ఆరింటికి బయల్దేరతాను,
చేతిలో పొడుగాటి పట్టకారు, నడుముకి పసుపు డబ్బా.
ఫాకాంత్‌లో గుట్టలన్నీ మనుషులు పోసినవే.
కొండని తిరగదోడి, పచ్చరాయి తీసుకుని,
మిగిలిన మట్టిని లారీలు మా ముంగిట్లో కుమ్మరించి పోతాయి.
ఆ మట్టిలో కన్నుగప్పి మిగిలిన రాయి కోసం
మావాళ్ళు నుదుట దీపాలు కట్టుకుని రాత్రిళ్ళు ఎక్కుతారు.
దూరం నుంచి చూస్తే గుట్ట నిండా మిణుగురులు.
దగ్గరికి పోతే దగ్గులు.

మా తమ్ముడు తూ లుమ్ రాయిని చెవితో చూసేవాడు.
సుత్తితో ఒక్కటి తట్టి, తల వంచి విని,
"ఇది మూగదక్కా" అనేవాడు. లేదంటే
"ఇది పలుకుతోంది!"
పదహారేళ్ళు. గొంతింకా సరిగ్గా మారలేదు.

పట్నం నుంచి కాగితాలు పట్టుకొచ్చిన వాళ్ళు అడిగారు:
ఎందుకు మొదలుపెట్టాడు? ఒక్క కారణం చెప్పమ్మా.
లారీలు వచ్చేది రాత్రి రెండింటికి, నిద్ర పోతే రాయి పోతుంది,
అది రాస్తారా?
పక్కనే తవ్వుతున్న నో జా మీద గుట్ట జారితే,
పైకి కనబడుతున్న ఒక్క చేతినీ పట్టి లాగింది వీడేనని,
ఆ వారమంతా తన చేతిని తను కడుక్కుంటూనే ఉన్నాడని,
అది రాస్తారా?
కూలి డబ్బులకి బదులు మేస్త్రీ
మందు సీసా మూతతో కొలిచి పొడి పోశాడు.
మా ఊళ్ళో అది మాంసం కన్నా చవక.
వాళ్ళ కాగితంలో ఉన్నది ఒక్క గడి.
పేదరికం అని రాసుకుని, టీ తాగి వెళ్ళారు.

మొదట్లో బాగానే ఉండేవాడు.
ఈ మాట ఎవరూ ఒప్పుకోరు, నేను చెబుతాను.
మోకాళ్ళ నొప్పి లేదు. రాత్రంతా తవ్వేవాడు.
తెల్లారి నవ్వుతూ బియ్యం మూట దించేవాడు.
ఆ నెల రెండుసార్లు పందిమాంసం వండాను.
ఎక్కడిదని అడగలేదు.
కాగితం వాళ్ళు మళ్ళీ వస్తే
అదీ రాసుకోమంటాను.

తర్వాత, నొప్పి పోయిన దారినే ఆకలి పోయింది.
ఆకలి వెనకాలే సిగ్గు.
అమ్మ పండగ రవికకున్న వెండి బిళ్ళలు
ఒక్కొక్కటే, పళ్ళు ఊడినట్టు, ఊడిపోయాయి.
ఒక రాత్రి వాన నేరుగా ముఖం మీద పడితే లేచాను.
పైకప్పు రేకు లేదు.
ఆకాశం ఉంది. వాడు లేడు.

చర్చి వాళ్ళ శిబిరంలో మూడుసార్లు చేర్చాను.
వణుకు ఎక్కువైనప్పుడు ఏటి నీళ్ళలో ముంచేవాళ్ళు, ప్రార్థన చేసేవాళ్ళు.
మూడోసారి ఒళ్ళు చేసి వచ్చాడు. అన్నం అడిగి పెట్టించుకున్నాడు.
సంతోషం పట్టలేక రాయి ఒకటి తెచ్చి చేతిలో పెట్టాను,
చెప్పరా, పలుకుతోందా?
తట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తట్టాడు.
చాలాసేపు తట్టాడు.
"అన్నీ ఒక్కలాగే వినిపిస్తున్నాయక్కా."
ఆ రాత్రే వెళ్ళిపోయాడు.

పోతూ పోతూ నా కుట్టుపెట్టె లోంచి
ఎర్ర దారపుండ పట్టుకెళ్ళాడు.
ఒకరి సూది ఒకరు వాడకండిరా అని ఊరంతా చెప్పేదాన్ని కదా,
నా మాట విన్నది వాడొక్కడే.
తన సూదికి దారం చుట్టి గుర్తు పెట్టుకుంటాడు.
ఇద్దరి మధ్యా ఉత్తరం ముక్క లేదు.
పొద్దున్నే గుట్ట కింద ఎర్ర దారం కనబడితే
రాత్రి వరకూ బతికున్నాడని.
కళ్ళకద్దుకోబోయి, చప్పున
డబ్బాలో వేస్తాను.

ఈరోజు నూట ఎనభై ఏడు.
నిన్న నూట అరవై.
రెండు రోజులుగా దారం లేదు.
వాన కదా, రంగు వెలిసిపోయి ఉండొచ్చు.
డబ్బా బోర్లించి, పట్టకారుతో
ఒకటీ, రెండూ అంటూ
మళ్ళీ మొదటి నుంచి.