మూడో వరుస

వాల్పరాయిసో రేవు గ్రంథాలయంలో
పుస్తకాల వీపుల మీద అంకెలు అతికించడం నా ఉద్యోగం.
ఐదువందల పన్నెండు, బీజగణితం.
మూడువందల అరవై రెండు, జబ్బులూ వాటి బాగోగులూ.
మధ్యలో ఒక గోడ, గాలి రాని నడవా,
నలభై అడుగుల దూరం.

కొత్తగా చేరిన రిగోబెర్తో పేర్లు చూసి సర్దాడు.
నిర్ధారకాలు, నిర్ధారకాలు.
ఇక్కడ రెంటికీ ఒకటే మాట,
పాపం, తప్పనలేం.
రెండు అట్టలూ ఒకదాన్నొకటి ఆనుకుని
వారం రోజులు కాపురం చేశాయి.

ఆ వారంలోనే వచ్చింది సునీల్దా అర్రెదొందో,
ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉడకబెట్టే మనిషి.
వేళ్లు నానీ నానీ తెల్లబడ్డాయి.
రాత్రిబడి, గురువారం పరీక్ష.
"నిర్ధారకాలు కావాలి" అంది.
చూడకుండానే ముద్ర కొట్టిచ్చాను.

తొమ్మిదో రోజు తిరిగొచ్చింది.
"పరీక్ష తప్పాను" అంది,
బయట వాన పడుతోంది అన్నంత మామూలుగా.
"మీరిచ్చిన పుస్తకంలో ఒక్క లెక్కా లేదు.
మా ఇల్లుంది."

పుట తిప్పి చూపించింది.
ఆరోగ్యాన్ని నిర్ధారించేవి: చెమ్మ గోడలు, నీటి దూరం, పొగ,
చేసే పని, ఎక్కే మెట్లు.
పక్కన పెన్సిలుతో, అవును. అవును.
మూడువందల ఇరవై, కావాలంటే వచ్చి లెక్కపెట్టుకోండి.
ఒకచోట, కుక్కల సంగతి మరిచారు.

రబ్బరు తీశాను, ఉద్యోగధర్మం.
"ముందు ఆఖరి పుట చూడండి" అంది.

ఆఖరి తెల్ల పుటలో రెండు నిలువు గీతలు,
కొండ మెట్ల పక్క కడ్డీల్లా కాస్త వంకరగా.
వాటి నడుమ మూడు వరుసలు.
వాళ్లమ్మ: నూట అరవై మెట్లు, ఒక చెమ్మ గోడ, రెండు నెలల దగ్గు.
తను: మూడువందల ఇరవై, రెండు గోడలు, నాలుగు నెలలు.
అద్దె పెరిగినప్పుడల్లా కొండ పైకి జరిగిన కుటుంబం.
నీళ్ల లారీ ఎక్కలేక ఎక్కడ ఆగిపోతుందో
వాళ్ల వీధి అక్కడ మొదలవుతుంది.

మూడో వరుస కూతురిది. యానిరా, ఆరేళ్లు.
రాసి, కొట్టేసి, మళ్లీ రాసి
అక్కడ కాగితం చిరుగు పట్టింది.

"ఉన్నదున్నట్టు రాస్తే సున్నా వచ్చింది.
సరే అని సముద్రం ఎదుట ఇల్లు రాశాను, మెట్లే లేవు.
సున్నా.
దగ్గు తీసేశాను. సున్నా.
ఒళ్లు మండి నా పుట్టిన తేదీ రాశాను,
అప్పుడూ సున్నాయే."

నాకు లెక్కలు రావు.
నవ్వాలో ఓదార్చాలో తేల్చుకోలేక
రబ్బరు పొట్టు ఊదుకుంటూ కూర్చున్నాను.

"తప్పు పిల్లది కాదండీ."
తెల్లబడ్డ వేలు రెండో వరుస మీద ఆనించింది.
"అమ్మని రెండుతో గుణిస్తే నేను.
పై రెండూ ఇలా ఉన్నంత కాలం
కింద ఏం రాసినా ఒకటే.
మా అమ్మ వరుస ఇంక మారదు, పోయి ఏడేళ్లు.
కదలాల్సింది ఇదే.
ఆ రెండో పుస్తకం ఇవ్వండి. మళ్లీ పరీక్ష ఆగస్టులో."

ఇచ్చేముందు ఒక పుట తెరిచాను, ఊరికే.
ఒక అంకె పాలెంతో తెలియాలంటే
అది నిలబడ్డ అడ్డు వరుసా నిలువు వరుసా
రెండూ కొట్టేయాలట.
ఆమె తిరిగిచ్చిన పుస్తకంలో అలా వీధిని కొట్టేస్తే
ఆమే మిగలదు.
ఈ సంగతి ఆమెతో అనలేదు. ఆమెకి బస్సు టైమైంది.

రబ్బరు సొరుగులో పడేశాను.
మూడువందల అరవై రెండుని
నలభై అడుగుల అవతలికి మోయలేదు.
ఐదువందల పన్నెండు లేచిపోయిన సందులో
ఆగస్టు దాకా ఉండనీ అని నిలబెట్టాను.
తనిఖీ వాళ్లు అడిగితే
రిగోబెర్తో పేరు చెబుతాను.