తులం సీసా

మత్రాహ్ సూక్‌లో మూడో మలుపు తిరిగితే
ఖల్ఫాన్ అత్తర్ల దుకాణం.
పోస్తాను, మూత బిగిస్తాను, పుస్తకంలో రాస్తాను.
మెట్‌పల్లిలో మాది కుంపటి ముందరి బతుకు.
గురిగింజ ఎత్తు బంగారాన్ని ఊపిరి బిగబట్టి తూచిన చేతులు
మిషన్ నగలొచ్చినంక
పనిలేక ఇక్కడికొచ్చినయ్.

మొదటి రోజే ఒక ముసలమ్మ
తులం గులాబీ అడిగింది.
తులమంటే తూకమే కదా!
కాటా మీద సీసా పెట్టి, సీసా బరువు తీసేసి
పదకొండు గ్రాముల అరవై ఆరు కోసం పోస్తున్నా.
అంకె పదిన్నర దాటలేదు,
సీసా మూతి దాటింది గులాబీ,
వేళ్ల సందుల్లోంచి గల్లాపెట్టె మీదికి.
ముసలమ్మ ఆ ఒలికినదాన్ని చిటికెన వేలికి అద్దుకొని
చెవుల వెనక రాసుకుని నవ్వింది.
ఖల్ఫాన్ నవ్వలేదు.
"తులం కాటాలో లేదు, సీసాలో ఉంది"
అరబ్బీ కలిసిన హిందీలో, మాటమాటకీ ఆగి.

తులం బంగారం కరిగితే పన్నెండు చుక్కలు.
మూసలో కళ్లారా చూసిన లెక్క.
ఇక్కడ తులమంటే పన్నెండు మిల్లీలీటర్లు.
అదే మాట,
ఒకటి కాటాలో కూర్చుంది, ఒకటి సీసాలో ఈదుతోంది.

ఆ రాత్రి బిల్లు కాగితం వెనకవైపు
ఎప్పుడో సైన్సు సారు తొడపాశం పెట్టి నేర్పిన ముక్క
మళ్లీ రాసుకున్నా:
బరువుని సాంద్రతతో భాగించు, జాగా వస్తుంది.
చందనం నీటికన్నా రవ్వంత తేలిక.
తులం తూస్తే కచ్చితంగా పన్నెండు,
ఈ సీసా చేసినవాడెవడో చందనం పోసి చూసే చేసుంటాడు.
గులాబీ ఒళ్లు విరుచుకునే నూనె,
కిలోకి తొంభై ఎనిమిది సీసాలు.
లవంగం నీళ్లలో వేస్తే మునుగుతుంది,
కిలో మొత్తం వంచినా డెబ్భై తొమ్మిదే.

అప్పుడు తీశాను జిలానీ పుస్తకం.
నాకంటే ముందు పదకొండేళ్లు ఇదే స్టూలు మీద
రాయచోటి జిలానీ.
తెలుగులో రాసుకున్నాడు, వంకర్లు లేని అక్షరాలు:
చందనం కిలో, ఎనభై అయిదు.
గులాబీ కిలో, ఎనభై అయిదు.
లవంగం కిలో, ఎనభై అయిదు.
పేజీ తిప్పినా, ఏడాది తిప్పినా
ఎనభై అయిదు.

గులాబీలో పదమూడు మిగులు ఎటు పోయాయి?
లవంగంలో ఆరు లోటు ఎవడు పూడ్చాడు?
ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పెట్టాడా,
లేక లవంగం తన చేతకానితనం వల్లే ఒలుకుతోందని
గులాబీని అల్లా పెంచుతున్నాడని
నమ్మేశాడా పిచ్చోడు?
మిగులూ లోటూ పోను ఆ ఏడు సీసాలు...
చెప్పడానికి జిలానీ లేడు. ఊరెళ్లాడో, సలాలా వెళ్లాడో.

కన్నతల్లి బంగారంలోనైనా
అవుసులోడు చిటికెడు మిగుల్చుకుంటాడని
మా మీదొక సామెత.
గురివింద తన కింద నలుపెరగదని ఇంకొకటి.
రెండూ వింటూ పెరిగినవాణ్ణి.

నెలాఖరున ఖల్ఫాన్ కళ్లద్దాలు నుదుటికి ఎత్తి
"గులాబీ ఎన్ని?" అన్నాడు.
"తొంభై ఎనిమిది."
"లవంగం?"
"డెబ్భై తొమ్మిది."
కలం కాసేపు కాగితం మీద నిలబడింది.
నన్ను చూడలేదు. నేను కూర్చున్న స్టూలుని చూశాడు.
పొగలు కక్కే ఖావా నా ముందుకి జరిపి
"చందనం?" అన్నాడు.
నాకు చెప్పబుద్ధి కాలేదు,
అయినా చెప్పాను:
ఎనభై అయిదు.

బయట జూన్.
మధ్యాహ్నం కరెంటు పోతే
అద్దాల బీరువాలో ప్రతి సీసాలోనూ నూనె
వెంట్రుకవాసి పైకి లేస్తుంది,
బరువు మాత్రం ఎక్కడిదక్కడే.