మేం వండని పూట

రెండో శనివారం.
పామూరులో తొలి బస్సు ఎక్కినాం నలుగురం.
కలిగిరి దాటిందాకా మాలకొండమ్మ నోరు మెదపలా,
సంచిలో రొట్టెలు కాల్చి తెచ్చిందని.
చెప్పినాక ముగ్గురం కలిసి తిట్టినాం.
ఈ ఒక్కరోజు మన చెయ్యి పొయ్యి తగలకూడదనే గదమే
వారానికి ఇరవై చొప్పున
పప్పుల డబ్బా అడుగున దాచుకుంది!

నిన్న గిన్నెలు తోముతుంటే హెడ్మాస్టరు అడిగినాడు,
"నెల్లూర్లో మీకేం పని?"
"తినే పని సార్" అనింది ఖాశింబీ.
ఆయన నవ్వినాడు. మేం నవ్వలా.
రోజుకు పద్దెనిమిది కిలోల బియ్యం,
పదకొండేళ్ళు.
పిల్లోళ్ళు చేతులు కడుక్కున్నాక
గుండిగ గోడలకి అంటుకున్నదే మా వంతు.

ఆత్మకూరు బస్టాండు కాడ దిగంగానే కారందోసె.
పెనం మీద ఎర్రకారం రుద్దే పిల్లోడి మణికట్టునే చూస్తా
వెంగమ్మ కూర్చోడం మర్చిపోయింది.
"ఒక్క దోసెకి గరిటెడు నెయ్యా!
ఈ లెక్కన మన నూనె ప్యాకెట్లు
సోమారం మధ్యాన్నానికే అయిపోతాయి."
ముక్కులు కారినాయి, కళ్ళు కారినాయి.
తుడుచుకుని
ఇంకోటి చెప్పినాం.

రంగనాయకుల గుడి ముందర
గాలిగోపురం బొమ్మలు లెక్కబెట్టబోయి
ఖాశింబీకి మెడ పట్టేసింది.
"ఇన్ని బొమ్మలుండాయి,
గరిటె పట్టుకున్నది ఒక్కటన్నా లేదేందే?"
"అన్నపూర్ణమ్మ కాశీలో ఉంటాది,
ఆమెకి సెలవ దొరకలేదేమో" అని వెంగమ్మ.
వెనక పెన్నలో నీళ్ళకన్నా ఇసకే ఎక్కువ.
అయినా దిగి, పాదాలు తడుపుకున్నాం.

ఊరు చూద్దామని వచ్చి
చిన్నబజారు స్టీలు కొట్లో
ముప్పావుగంట నిలబడిపోయినాం.
ఇరవై కిలోల గుండిగ.
అడుగు మందం వేలితో కొట్టి విన్నాను, మంచి మోత.
కొట్టాయన నాలుగు సార్లు ధర తగ్గించినాడు.
బడికి కొనిచ్చే వాళ్ళెవరని
నలుగురం నాలుగు దిక్కులు చూసి
బయటికొచ్చినాం.

మధ్యాన్నం చేపల పులుసు.
మామిడికాయ ముక్క సరిగ్గా మెత్తబడింది,
ఉప్పు రవ్వంత తక్కువ,
నిన్నటి పులుసు గాదని మాలకొండమ్మ తీర్పు.
వడ్డించే అబ్బాయి వంగి
"ఇంకొంచెం పెట్టమంటారా అమ్మా?" అంటే
మాకెవరికీ జవాబు రాలా.
ఆ మాట అనడమే తెలుసు మాకు.
తిన్నాక వెంగమ్మ అలవాటుగా
నాలుగు కంచాలూ ఎత్తి లేచింది.
"అక్కడ పెట్టండమ్మా, మేం తీస్తాం."
కంచాలు పెట్టేసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
కొంగులో చుట్టుకుంది.

పొద్దువాలి బారాషహీద్ దర్గా.
పండగ రోజుల్లో ఇసకేస్తే రాలని చోట
ఇవాళ రెండు మేకలు, ఒక ఐసు బండి.
ఖాశింబీ తల మీద కొంగేసుకుని లోపలికి పోయొచ్చింది.
చెరువు మెట్ల మీద కూర్చుంటే
మాలకొండమ్మ సంచి విప్పింది.
"ఇంటి రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె అంటారు గదా.
కోరిక తీరినోళ్ళు ఇయ్యాల, కోరుకునేటోళ్ళు పట్టుకోవాల.
ఇదిగో, కూర్చోని తినే రొట్టె.
నాకు ఇవాళ తీరింది. పట్టుకోండి."
"పండగ గాదు గదా, చెల్లుతాదా?" అన్నాను.
"నీళ్ళకి తేదీలు తెలుసా?" అనింది ఖాశింబీ.
మోకాళ్ళ దాకా దిగి నిలబడినాం.
పొద్దున తిట్టిన నోళ్ళతోనే
చల్లారిన ఆ జొన్నరొట్టె తిన్నాం.
గట్టిగా ఉండాది. ఎవరూ చెప్పలా.

చివరి బస్సులో మలై కాజాల పొట్లం
నా ఒళ్ళో కారతానే ఉండాది.
చీర జిగట, నిద్ర జిగట.
మిగిలింది నలభై ఆరు రూపాయలు.
ఇరవై మళ్ళీ పప్పుల డబ్బాలో పడినాయి.
తతిమ్మా ఇరవయ్యారుకి
వెంగమ్మ ఇంతవరకూ లెక్క చెప్పలా.