మూడో గంట

నరీన్ లోయలో ఏప్రిల్ మంచు ఇంకా కరగలేదు.
పిల్ల పడి నలభై నిమిషాలు.
బురుల్ బొడ్డుకి అయోడిన్ అద్ది
గోనెపట్టాతో వీపు రుద్దింది.
గిట్టల కింద ఇంకా ఆ మెత్తటి తొడుగులు,
తల్లికి గీరుకోకుండా కడుపులోనే తొడుక్కున్నవి.

లేస్తుంది, కూలుతుంది.
నాలుగు కాళ్లూ నాలుగు దిక్కుల మాట వింటాయి.
ఎత్తబోయిన మనవణ్ణి మోచేత్తో ఆపింది.
"ఉండు ఎసెన్. పడ్డమూ దాని పనే."

పొదుగు అక్కడుంటే
గోడమేకుని చీకింది,
తర్వాత ముసల్దాని కోటు గుండీని.

రెండో గంటకి దొరికింది దారి.
గుటక.
మూతినిండా జిగురు ముర్రుపాలు,
బుల్లి తోక ఒక్కసారి ఆడింది.

ఎసెన్ గడ్డిలోనే నిద్రపోయాడు.
ఇంకా మాయ పడాలి,
మూడో గంట దాటకుండా పడాలి.
లాంతరు వత్తి తగ్గించి
దారానికి వేలాడుతున్న గుండీని తిప్పుకుంటూ
బురుల్ కూర్చుంది.